నిన్నటి నురగ నీళ్ళు

అమ్మకి,

చెల్లీ, చదివి వినిపించేటప్పుడు నీ సొంత మాటలు కలపకు. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాకే మొదలుపెట్టు.

అమ్మా, నేనిచ్చిన సీసా ఎలా పనిచేసిందో చూడ్డానికి మొన్న మా ల్యాబ్ మేడమ్ మన లాండ్రీకి వచ్చినప్పుడు నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "మా పిల్ల చేసిందని మెచ్చుకోమంటే మెచ్చుకుంటాను గానీ, దుప్పట్లు మాసినట్టే ఉన్నాయి మేడమ్. ఇవి పంపితే హోటల్ వాళ్ళు నా మొహాన కొడతారు" అన్నావు. మేడమ్ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వదిలిన మురికి మళ్ళీ బట్టకి అంటుకోకుండా పట్టి ఉంచే పదార్థం ఒకటి లిక్విడ్ సబ్బులో కలుపుతారు. ఇప్పుడు కలిపేది పెట్రోలియంతో చేసింది. కాలవలోకి పోయినా ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. నేను పిండితో చేసినదాన్ని కాలవలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. నా చదువంతా దీనిమీదే పెట్టాను. ల్యాబ్‌లో తెల్లగా మెరిసిన గుడ్డ నీ దగ్గర ఎందుకు నల్లబడిందో తెలియడం లేదు. ఇది నావల్ల కాదేమో. నన్ను పెట్రోలియం పని చేసేవాళ్ళలోకి మార్చమని మేడమ్‌ని అడగబోతున్నాను.

నీమీద కోపం లేదు. కాస్త ఉంది.

నీ పెద్దమ్మాయి


మొహమాటం ఎరగని మా అమ్మకి,

మార్చమని అడిగితే మేడమ్ ఆ మాటే పట్టించుకోలేదు. "మీ అమ్మగారు దుప్పట్లు ఎలా నానబెడతారు?" అన్నారు.

నిన్నటి నురగ నీళ్ళు పారబొయ్యవనీ, వాటిలోనే రాత్రంతా నానేస్తావనీ చెప్పాను. చెబుతుంటేనే నాకు వెలిగింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నా, ల్యాబ్‌లో మాత్రం ఎప్పుడూ కొత్త నీళ్ళే వాడాను.

నీలాగే నానబెట్టి చూశాం. తెల్లారేసరికి నా పదార్థం జాడ లేదు. పాత నీళ్ళలోని సూక్ష్మజీవులు కాలవదాకా ఆగలేక తొట్టిలోనే విందు చేసుకున్నాయి. పట్టి ఉంచేది పోయాక మురికి తిరిగి గుడ్డకే చేరింది.

"చెయ్యాల్సిన పనే చేసింది. కాస్త తొందరెక్కువ, నీలాగే" అన్నారు మేడమ్. ఈసారి నవ్వు నాకూ వచ్చింది.

దీన్ని నానబెట్టేటప్పుడు కాకుండా, పొద్దున ఉతికేటప్పుడు పొయ్యాలి. అలా ఉతికిన గుడ్డ ముక్క కవరులో పెట్టాను, వెలుగులో పట్టి చూడు. సీసా తీసుకుని మేడమ్, నేనూ వచ్చే వారం వస్తున్నాం. నేను ఈ పని వదలను.

దుప్పట్లు బాగోలేకపోతే మేడమ్ ఎదుటే చెప్పు. బాగుంటే మాత్రం, ఇస్త్రీ బల్ల దగ్గరున్న చెల్లికి కూడా వినబడేలా చెప్పు.

నీ తొందరపిల్ల