స్వామీ అని పిలిచినవాళ్లం

అన్నా,

ఈరోజు మీ కెప్టెన్ ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటికి వచ్చారు. మీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. అచ్చుకు ఇచ్చేముందు నాకు చూపించారు. మీరు కప్పు గెలిచిన రోజు ఫొటోలో అందరి కాళ్లకూ బూట్లున్నాయి. అయ్యప్ప మాలలో ఉన్న నువ్వు మాత్రం ఉత్త కాళ్లతో నిలబడ్డావు. కింద నీ పేరు ‘స్వామి’ అని ఉంది.

“అది మా అన్న పేరు కాదు సార్” అన్నాను.

“గట్లెట్లమ్మా? ‘స్వామీ, బాల్ ఇయ్యి’ అని గ్రౌండంతా ఒర్రేటోళ్లం. ఒక్కనికీ ఇయ్యకపోయేటోడు!” అని నవ్వారు. తర్వాత తల గోక్కున్నారు. “అసలు పేరేంది మరి?”

నీతో ఆడినవారే నీ పేరు నన్నడిగారు. కోపం రాలేదు. ఆ ఏడే జట్టులో చేరావు, చేరగానే మాల వేసుకున్నావు. దీక్షలో ఉన్నవాళ్లను స్వామీ అనే పిలవాలి కదా. ఇంట్లో అమ్మా నేనూ అలాగే పిలిచాం. శబరిమల దారిలోనే నువ్వు పోయావు. మాల తీశాక పేరు పెట్టి పిలిచే భాగ్యం మాకు లేకపోయింది.

ఆయన పెన్ను ఇచ్చారు. దేవుడి పేరు మీద గీత పెట్టడానికి చాలాసేపు చెయ్యి రాలేదు. లెంపలేసుకుని కొట్టేశాను. పక్కన ‘సురేందర్’ అని రాసి, ఇన్నేళ్లకు ఆ పేరు పైకి చదివాను అన్నా.