ఇక సంతకం అక్కర్లేదు

ఏమండీ,

మీ కాగితం వచ్చేసింది! మీరు వర్క్‌షాపుకి వెళ్ళిన గంటకే ఆఫీసు ప్యూను తెచ్చిచ్చాడు. ఇప్పుడు మీరు కూడా ఈ దేశ పౌరులే! కాగితం నా ట్రంకుపెట్టెలో, పెళ్ళిచీర మడతలో ఉంది. గ్రీజు చేతులతో ముట్టుకోకండి. ముందు సబ్బుతో కడుక్కోండి.

అన్నం, చేపల పులుసు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. నేను బాంబూఫ్లాట్ రేవుకెళ్ళే పడవెక్కి అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీరొచ్చేదాకా ఈ మాట కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. "ఆ బర్మావోణ్ణి ఏ రోజు ఓడెక్కించి తోలేత్తారో" అని పదకొండేళ్ళుగా దెప్పుతోంది. రంగూన్‌లో పుట్టడం మీ తప్పా? రేపు మొదటి పడవకి ఆవిణ్ణి వెంటబెట్టుకుని వస్తాను. మీకు పాయసం ఆవిడ చేతే వండిస్తాను.

రేపు ఒకటో తారీఖు. అలవాటు కొద్దీ పొద్దున్నే పోలీసు స్టేషనుకి పరుగెత్తుతారేమో, వద్దు. పరదేశీల రిజిస్టరులో మీరింక సంతకం పెట్టక్కర్లేదు. మీకెప్పుడూ చెప్పలేదు గానీ, ప్రతి ఒకటో తారీఖునా మీరు తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేదాకా నేను పొయ్యి ముట్టించేదాన్ని కాదు.

పడవకి టైమయింది.

ఎరుకమ్మ

మరిచాను. ప్యూను వెంట కానిస్టేబులు గవరయ్య కూడా వచ్చాడు. "భయ్యా ఇంక రాడు కాబోలు, ఒకటో తారీఖు టీ నానెవరితో తాగాల దీదీ?" అని ముఖం వేలాడేశాడు. పోనీ, టీకి వెళ్ళండి. పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి.