'ఆఁ' అన్నావు కదా

బామ్మర్దీ,

నాలుగుసార్లు చేశాను, నువ్వు ఫోనెత్తలేదు. ఆదివారం కదా, మన లిఫ్టు కంపెనీ ఆఫీసులోనూ ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం ఫోన్లోనే రాసి పంపుతున్నాను. చదవగానే ఆస్పత్రికి పరిగెత్తి, ముందు లిఫ్టు ఆపించు.

పొద్దున మీ అక్కా నేనూ ఇక్కడ రోప్‌వే ఎక్కాం. "తలుపు గడియ పడిందా?" అని ఒకతను అరిస్తే, "తలుపు గడియ పడింది" అని రెండో అతను మొత్తం అప్పజెప్పాడు. ఉత్త 'అవును' అంటే ఇక్కడ బండి కదలదని గైడు చెప్పాడు. "మీకూ నేర్పించాలి, దేనికైనా 'ఆఁ' అనడమేగా," అని మీ అక్క నవ్వింది. దిగీ దిగగానే నీకు ఫోన్ చేశాను.

మేం బయల్దేరిన రోజు నేను ఆస్పత్రి లిఫ్టు గుంతలోంచి, "బ్రేకు నట్లు బిగించావా?" అని అరిచాను. పైనుంచి నువ్వు 'ఆఁ' అన్నావు. అది బిగించానన్న 'ఆఁ'నా, వినపడక ఏంటన్న 'ఆఁ'నా? ఎంత తలుచుకున్నా తేలడం లేదు. విమానం తొందరలో పైకెక్కి చూడకుండానే రిజిస్టర్లో సంతకం గీకేశాను. తప్పు నాదే, నీ మీదికి నెట్టను. మూడు రోజులుగా జనం ఎక్కి దిగుతూనే ఉన్నారు. రేపు అత్తయ్యని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళేదీ అందులోనే.

చూశాక 'ఆఁ' అని పెట్టకు. 'నట్లు నా చేత్తో బిగించాను' అని పూర్తిగా రాయి.

"ఏంటలా ఉన్నారు, ఇంటి దగ్గర అంతా బాగేనా?" అని మీ అక్క అడుగుతోంది.

'ఆఁ' అన్నాను.

మీ బావ