లీసెల్ తొలి వేటకు తేలికపాటి తుపాకీ

ఔట్యో, జూన్ 14

అన్నయ్యా,

ఆడపిల్ల భుజానికి తేలికైన తుపాకీ, చచ్చే జంతువుకూ తేలికేనా? ఏళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. మేమంతా క్షేమం. నిన్న మా అమ్మాయి లీసెల్ తొలి వేట. అది పేల్చిన తేలికపాటి .243 రైఫిల్ తూటా గెమ్స్‌బక్ జింక భుజం ఎముక మీదే చిట్లిపోయింది. సాయంత్రం దాకా నెత్తుటి జాడ పట్టి వెళ్లి, చివరికి మా ఆయనే దాని ప్రాణం తీశాడు. తొలి వేట ఆచారం ప్రకారం ఆ నెత్తురు కూతురి బుగ్గలకు పూయబోతే, "నాకొద్దు నాన్నా! చంపింది నువ్వు, నువ్వే పూసుకో" అంది. "గారాలు చాలు, నిలబడవే" అన్నాడే గానీ ఆయన చెయ్యి లేవలేదు.

నాన్నగారి ఏడు మిల్లీమీటర్ల మౌజర్ రైఫిల్, మొన మెత్తగా ఉండే బరువైన తూటాలు పంపించు. అది పేల్చినప్పుడు భుజాన్ని పెద్దగా తన్నదు, తూటా లోతుగా దిగుతుంది. అమ్మ మోకాలు ఎలా ఉంది? వదినను అడిగానని చెప్పు, పిల్లలకు దీవెనలు. తుపాకీ వచ్చాక దాన్ని లీసెల్ చేతికివ్వాలో, బీరువాలో పెట్టి తాళం వేయాలో నాకింకా తేలడం లేదు.

నీ చెల్లెలు
హెస్టర్