కళ్లు తెరవమన్న మాట

ఆదివారం, భోజనాలయ్యాక

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. మేమంతా క్షేమమని, నువ్వూ క్షేమమని తలుస్తానని మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టాను. అందులో నిజమెంతో ఉత్తరం పూర్తయ్యేలోపు చెబుతాను.

ఫోన్లో పంపినవన్నీ చూస్తున్నావు, జవాబివ్వడం లేదు. వీడియోలో పిలిస్తే ఎత్తడం లేదు. ఎత్తినా నా సైగలు చూడ్డానికి ఓపిక కావాలంటావు, నత్తివాడు మాట్లాడినట్టు చేతులాడిస్తానట. కాగితం మీద నాకు నత్తి లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంటి కబుర్లు. నీ మేనకోడలు కాన్పు నుంచి కోలుకుంది. పాప ఒళ్లు చేసింది. జుట్టు నెరవకుండానే తాతవైపోయావు, ఎవరికీ చెప్పుకోలేవు పాపం. నువ్వు చేసి పంపిన ఉయ్యాలలోనే పడుకుంటోంది. ఎంత ఊపినా కిర్రుమనదు. వినపడే వడ్రంగులు చేసిన మా మంచాలన్నీ కిర్రుమంటాయి, నువ్వు మాత్రం కొయ్యను అరచేత్తో తడిమి, మోత ఎక్కడుందో పట్టేస్తావు. మీ బావ గిలక్కాయ పట్టుకుని రోజంతా ఆ ఉయ్యాల చుట్టూనే తిరుగుతున్నారు.

ఇక ఆ సమావేశం సంగతి. నువ్వు వెళ్లిపోయాక ఏం జరిగిందో నీకు తెలియాలి.

మా ఆఫీసును చెయ్యి చూసి జాతకం చెప్పే దుకాణమంటావు. నా అరచెయ్యి లాక్కుని, ఇదిగో ప్రమోషన్ గీత, మధ్యలో తెగిపోయిందని ఏడిపిస్తావు. మేం చేసేది మరీ అంత తీసిపారేసేది కాదు. ముప్పై ఏళ్లకు ఈ నగరం ఎన్ని రకాలుగా మారవచ్చో ఊహించి, వాటిలో ఏది మంచిదో రాసి పైవాళ్లకిస్తాం. ఏది కట్టాలో, ఏది మూయాలో వాళ్లు దాన్నిబట్టే నిర్ణయిస్తారు. మేం ఊహించే రేపటి మనుషులందరూ అచ్చం మాలాగే ఉంటున్నారని నాకు చాలాకాలంగా అనుమానం. ఈసారి నువ్వు వడ్రంగం నేర్పే చెవిటి బడివాళ్లను పిలవాల్సిందేనని పట్టుబట్టింది అందుకే. నువ్వూ, మీ టీచర్లూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చి ముందు వరసలో కూర్చుంటే నాకు పెళ్లివారు దిగినంత సంబరమైంది.

మా డైరెక్టరుగారికి ఒక పద్ధతి ఉంది. దీపాలు తగ్గించి, అందరినీ కళ్లు మూసుకోమని, ముప్పై ఏళ్ల తర్వాతి ఒక ఉదయాన్ని మెల్లగా వర్ణిస్తారు. తర్వాత కళ్లు తెరిచి ఎవరేం చూశారో చెప్పాలి. మీరొస్తున్నారని తెలిసీ ఆ పద్ధతి మార్చాలని ఒక్కరికీ తట్టలేదు. సైగల్లో చెప్పడానికి వచ్చిన అమ్మాయి కళ్లు మూసుకోమన్నదాకా మీకు చెప్పింది. మీరు మూసుకున్నారు. ఆ తర్వాత చెప్పడానికి ఆ పిల్లకు చేతులున్నాయి, చూడ్డానికి మీకు కళ్లు లేవు. వేదిక మీద చేతులు వేలాడేసుకుని నిలబడిపోయింది.

కళ్లు తెరవమని ఆయన నోటితో అన్నారు. గదంతా తెరిచింది. మీ వరస తెరవలేదు. చెప్పినమాట వినే పిల్లల్లాగా మీరు అలాగే కూర్చున్నారు, పక్కవాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు కూడా. నేను వెనక తలుపు దగ్గర టీ కప్పులు సర్దిస్తున్నాను. చూసి, కుర్చీల మధ్య అడ్డంపడి వస్తున్నాను. ఆ అమ్మాయీ వేదిక దిగి పరిగెత్తింది. ఇద్దరం చేరేలోపే ఎవరో నవ్వారు, ఆ నవ్వు అంటుకుంది. సరిగ్గా అప్పుడే నువ్వు కళ్లు తెరిచావు. కోప్పడి లేచిపోతావనుకున్నాను. నువ్వు కూడా నవ్వావు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అన్నం సహించదురా.

తర్వాత మీరు టీ తాగి మర్యాదగా వెళ్లిపోయారు. మావాళ్లు నివేదికలో బధిరుల నుంచి అభిప్రాయాలేవీ రాలేదని రాశారు. అదొక్కటే అయితే సరిపెట్టుకునేదాన్ని. అందరూ కలిసి మంచిదని ఎంచిన రేపట్లో చెవుడన్నదే లేదు. పుట్టకముందే నయం చేసేస్తారట. మీ బడి ఉన్న చోట పార్కు గీశారు.

లోపలికి వెళ్లి డైరెక్టరుగారిని అడిగాను, ఈ బొమ్మలో లేకుండా పోయినవాళ్లను ఎవరైనా అడిగారా అని. మీ బడి భోజనాల వేళ గురించి చెప్పాను. వినేవాళ్లు లేరు గనక కంచాలు ఎంత మోగినా పట్టించుకోరని, పాత్రల గోలకు నేనే చెవులు మూసుకుంటానని, ఆ గోల మధ్య చేతులతో వాదించుకుని, చాడీలు చెప్పుకుని, కడుపుబ్బ నవ్వుకుంటారని చెప్పాను. పిలవాలంటే నేల తన్నుతారని, ఊరికే పేర్లు పెట్టరని, మనిషిని కొన్నాళ్లు చూశాకే సైగతో పిలుచుకునే చేతిపేరు పెడతారని, కనుబొమలు ముడేసే అలవాటుంది గనక నా పేరు రెండు వేళ్లతో నుదుటి మీద ముడి అని చేసి చూపించాను. ఆయన అంతా విన్నారు. ఏ బిడ్డా బాధపడకూడదని కోరుకోవడం తప్పా అమ్మా అని ఎంతో మెత్తగా అడిగారు. ఆ గదిలో చెడ్డవాళ్లెవరూ లేరురా. ఉంటే దెబ్బలాడేదాన్ని.

మళ్లీ మిమ్మల్ని పిలిచి, ఈసారి దీపాలు వేసి, మీ చేతులతో మీ రేపటిని చెప్పించుకుందామన్నాను. గడువు లేదన్నారు. చివరికి పుట అడుగున చిన్న అక్షరాల్లో, మిమ్మల్ని అడగలేదని ఒక వాక్యం చేర్చనిచ్చారు. దాన్ని ఎవరూ చదవలేదు. వచ్చే ఏడాది నుంచి మీ బడిలో చిన్నపిల్లల తరగతికి కొత్తగా ఎవరినీ చేర్చుకోకూడదని శుక్రవారం నిర్ణయమైంది. మీకింకా కాగితం అందలేదు. పరాయివాళ్ల ద్వారా తెలిసేకంటే నా ద్వారా తెలియడం మేలని రాస్తున్నాను. నీకిది ఎంత దెబ్బో నాకు తెలుసు. ఆ తరగతిలోనే కదా నువ్వు మొదటిసారి ఇంకో పిల్లవాడితో మాట్లాడింది.

నా మీద అలిగితే అలుగు. ఆకలి మీద మాత్రం అలగకు.

ఇట్లు,
నుదుటి మీద ముడి ఉన్న
నీ అక్క

తా.క. క్షేమమని రాసినదాంట్లో నిజమెంతో చెబుతానన్నాను. కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. పాపకు వినపడదురా. గురువారం డాక్టరమ్మ ఖాయం చేసింది. మీ బావ గిలక్కాయ అందుకే వదలడం లేదు, ఇంకొంచెం గట్టిగా ఊపితే పాప అటు తిరుగుతుందని ఆయన ఆశ. నీ మేనకోడలు గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ పరామర్శకు వచ్చినట్టే కూర్చుంటున్నారు, పాప పుట్టిందని సంతోషపడేవాళ్లు ఒక్కరూ లేరు. డైరెక్టరుగారి ముందు అన్ని మాటలు చెప్పిన నేను కూడా, డాక్టరమ్మ నోట ఆ మాట రాగానే రెండు చేతులతో కళ్లు మూసుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. తెరిచేసరికి పాప నా ఒళ్లో నన్నే చూస్తోంది.

మేమంతా కలిసి పాపకు ఒక పేరు పెట్టుకున్నాం, పిలుస్తూనే ఉన్నాం. నువ్వు వచ్చి నాలుగు రోజులుండు. పాపను బాగా చూసి, ఒక చేతిపేరు పెట్టు.