రోల్‌బ్యాక్‌లో తిరిగొచ్చిన భీమమ్మ

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,
కర్నూలు జిల్లా, ఈరనహట్టి గ్రామ వాస్తవ్యుడు, మగ్గం నేసుకొని జీవించు ఉరుకుందప్ప సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రోల్‌బ్యాక్ అను పేరుతో చనిపోయిన నా మొదటి భార్య భీమమ్మను బతికించి, బతికియున్న నా భార్య మహేశ్వరిని లేకుండా చేసినందున, విచారించి సరిచేయుట గురించి.

1. గత సంవత్సరం మా గ్రామమును పాత మండలము నుండి తీసి, వంక అవతలి కొత్త మండలములో కలిపిరి. అటు పోవుటకు బస్సు లేదు. ఊరివారమందరము రోడ్డు మీద టెంటు వేసి కూర్చుంటిమి. నేనును కూర్చుంటిని. "రోల్‌బ్యాక్ చేయాల" అని అరచినవారిలో నా గొంతే పెద్దదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుదురు. ఆ మాటకు అర్థము నాకు తెలియదు. టెంటు కాడికి వచ్చిన నాయకుడు నేర్పించెను, మేము అంటిమి. కొన్నాళ్ళకు ప్రభుత్వము వారు రోల్‌బ్యాక్ చేసినామని ప్రకటించిరి. అందరును టపాకాయలు కాల్చిరి. ఇంత సులభముగా ఎందుకు ఒప్పుకొనిరి అని నాకు ఆ రోజే అనుమానము కలిగినది.

2. ఆ తర్వాత నూలు అంగడివారు ధర పెంచిరి. నేసేవారము గొడవ చేయగా "రేటు రోల్‌బ్యాక్" అని బోర్డు కట్టిరి. నేను తెచ్చిన నూలును మహేశ్వరి చేత పట్టుకొని "ఇది తేలిగ్గా ఉండాదే" అనెను. వెనక్కి పోయి తూకము వేయించగా నిజమే. అంగడివాడు నవ్వి, "రేటు ఎనక్కి పోతే సరుకు కూడా ఎనక్కి పోతాది కదప్పా" అనెను. అప్పటినుండి ఆ మాట ఎవరి నోట విన్నను నా చేతిసంచి గట్టిగా పట్టుకొనుచున్నాను.

3. మహేశ్వరికి గర్భసంచిలో గడ్డ ఉన్నది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషిని నేను పట్టి లేపవలసి వచ్చుచున్నది. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆలస్యము చేయవద్దని, ఆరోగ్యశ్రీ కార్డు తెమ్మని చెప్పెను. తీసుకొని పోతిమి. ఈ కుటుంబములో మహేశ్వరి అను పేరే లేదని అక్కడి కంప్యూటరు చెప్పినది.

4. మండలాఫీసుకు పోతిని. ఆపరేటరు ఓబులేష్ మేము ఎరిగినవాడే.

"ఉరుకుందప్పన్నా, మీ ఇంట్లో ఆమె పేరు భీమమ్మ కదా?"

"ఆయమ్మ సచ్చిపోయి శానా ఏండ్లాయ కదప్పా."

"ఈడ బతికే ఉండాది."

మా ఊరు పాత మండలానికి తిరిగి వచ్చినప్పుడు కొత్త మండలం వారి దగ్గరున్న వివరములు రాలేదట. ఇక్కడ ఎప్పటిదో ఒక పాత కాపీ ఉంటే దానినే పెట్టిరట. "డేటా రోల్‌బ్యాక్ అయిందన్నా. ఆ కాపీ తీసినంక జరిగిందేదీ దీనికి తెలీదు" అనెను. మళ్ళీ అదే మాట! సరే, మహేశ్వరిని ఎక్కించమంటిని. ఒక భార్య బతికియుండగా ఇంకొక భార్యను కంప్యూటరు ఒప్పుకోదనెను. వరుసలో నా వెనుక నిలుచున్న ఆడవారు నా వైపు చూచిన చూపు తమరికి వ్రాయలేను.

5. టెంటులో పెద్ద గొంతుతో అరచినందుకే ఎవరో నా మీద కక్ష తీర్చుకొనుచున్నారని తలచి ఊరంతా ఆరా తీసితిని. టెంటు వైపే రాని ఏసన్న ఇంటిలో కూడా కోడలు పేరు పోయినది. కనుక ఆ అనుమానము నిలువలేదు. అయినను నాకు నిమ్మళము లేదు.

6. ఓబులేష్ ఒక ఉపాయము చెప్పెను. "వయసు కూడా దగ్గర దగ్గరే ఉండాది. భీమమ్మ పేరు మీదనే ఆపరేషన్ చేపిచ్చుకోండి." నేను ఒప్పుకొందునేమో గాని, మహేశ్వరి ఒప్పుకోలేదు.

"ఆ బల్ల మీద నేను సచ్చిపోతే ఎవురు సచ్చినట్టప్పా? ఆయమ్మ పాపం ఒకసారి సచ్చింది. మళ్ళా ఆయమ్మనే సంపుతారా? నేను ఏమైనట్టు?"

దీనికి జవాబు తమరి వద్ద ఉంటే తెలుపగలరు.

7. ఇక ఒకటే దారి అనిరి. భీమమ్మ తల్లిగారింట పాము కరిచి చనిపోయినందున, ఆనాడు మరణము వ్రాయించినది ఆమె తల్లి రామేశ్వరమ్మ. ఆ పాత కాగితము ఇప్పుడు చెల్లదట, మళ్ళీ ఆమె వేలిముద్రే కావలెనట. మా అత్తను ఆటోలో తెచ్చితిమి. ఓబులేష్ స్క్రీను ఆమె వైపు తిప్పెను. అందులో భీమమ్మ ఫోటో ఉన్నది. దాని మీద దుమ్ము ఉంటే మా అత్త కొంగుతో తుడిచెను.

"పక్కన ఏం రాసినారప్పా?"

"బతికి ఉన్నారు, అని."

ముందుకు చాచిన చేతిని మా అత్త వెనక్కి తీసుకొనెను.

"దాన్ని మట్టిలో పెట్టొచ్చి ఒకసారి ఏలిముద్ర ఏసినా. ఇప్పుడు మీరే బతికిచ్చి, మళ్ళా నన్నే సంపమంటాండారా? నేను ఎయ్యను."

బయట మెట్ల మీద కూర్చొనెను. మహేశ్వరి పోయి పక్కన కూర్చున్నదే గాని ఒక్క మాట అడుగలేదు. ఎందుకు అడుగవని నేను కసురుకొంటిని. "ఆడ ఉండేది నా బొమ్మయితే మా యమ్మ కూడా ఎయ్యదు, ఊరకుండు" అనెను. నేను రెండో పెండ్లి చేసుకొన్నందుకే మా అత్త పగ తీర్చుకొనుచున్నదని కూడా అనుమానించితిని. దాచక వ్రాయుచున్నాను.

కావున ఏలినవారు దయతో విచారించి,

(అ) మా అత్త వేలిముద్ర లేకుండానే మహేశ్వరి పేరు ఎక్కించునట్లును,

(ఆ) ఇకమీదట ఏదైనా వెనక్కి తీసుకొనునపుడు దానితో బాటు ఇంకేమేమి వెనక్కి పోవునో ముందుగా దండోరా వేయించునట్లును ఉత్తర్వులు ఇప్పించవలెను. ఈ కాగితమును మాత్రము వెనక్కి పంపక చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఈ రోజుకు రికార్డులో బతికియున్న
ఉరుకుందప్ప

మరొక మాట: అయ్యా, ఈ అర్జీ రాసి మడిచి పెట్టినాక, మా అత్త పొద్దున్నే మొదటి బస్సుకు ఎవరూ పిలవకుండానే వచ్చింది. మహేశ్వరి నడుము పట్టుకొని లేచేది గడపలో నిలబడి చూసింది. "పదండి, ఏస్తా. ఈ పిల్లన్నా బతకాల" అనింది. ఆఫీసులో ఏలిముద్ర ఏసేటప్పుడు కండ్లు మూసుకొనింది. ఓబులేష్ కూడా తల ఎత్తలేదు. మహేశ్వరి పేరు ఎక్కింది. శుక్రవారం ఆపరేషన్. మా అత్తే ఆసుపత్రిలో తోడుంటానంటాంది.

ఇంక అర్జీ ఎందుకన్నా, ఇయ్యొద్దు అని ఓబులేష్ అంటాండాడు. మళ్ళా మా ఊరిని అటు కలిపి, మళ్ళా ఇటు తెస్తే ఏమైతాదప్పా అని అడిగినా. అది పైవాళ్ళ చేతిలో ఉండాది అన్నాడు. అందుకే ఇస్తాండా. ఆ తల్లిని మూడోసారి అడిగేదానికి నాకు మొగం లేదు సార్. ఆ పని పడితే తమరే వచ్చి అడగాల.