నీళ్లు తేటపడేదాకా

అన్న లక్ష్మయ్యకు, అమీర్‌పేట నుంచి తమ్ముడు నర్సింహులు పాదాలకు మొక్కి రాసేది. అమ్మ, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? నా గురించి ఫికరు పడకండి, రెండు పూటలా రొట్టె దొరుకుతోంది. మన చిన్నోడు రాజయ్య సంగతే బాగాలేదు.

రంగుల కార్ఖానాలో వాడికి కాలిందని ముందు కార్డులో రాశాను కదా. మిలిటరీ బట్టకు ఆకుపచ్చ రంగు కాగుతుంటే గంగాళం ఒరిగి వాడి పొట్ట మీద, తొడల మీద పడింది. కాలినదానికంటే ఒంటికి పట్టిన రంగుకే నేనూ, తోటి పనివాళ్లూ ఎక్కువ భయపడ్డాం. రంగేసిన నూలును తేట నీళ్లొచ్చేదాకా జాడించినట్టే బావి నీళ్లు పోసి కడిగి, పాత పంచె చింపి కట్టాం. కొన్నాళ్లకు కట్టు ఆకుపచ్చగా తడిసింది. అందరం సంబరపడ్డాం.

"రంగు దిగుతున్నదన్నా! నీళ్లు తేటపడేదాకా పొయ్" అన్నాడు వాడే. రోజూ పోశాను. తర్వాత వాసన మొదలైంది, చలిజ్వరం పట్టుకుంది.

బండి కట్టించుకుని, వానలోనే పంజాగుట్ట దాటి సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు సాబు కట్టు విప్పి నా మొహం చూశాడు.

"గిది మీ గంగాళం రంగు కాదు. క్రిములు చేసే రంగు. కంటికి కనపడవు, తడి ఉన్నకాడ మస్తు పెరుగుతయి. కాలినకాడ తోలు లేదు, వాటికి అడ్డమేమున్నది? మీ నీళ్లతోని, పేలికలతోని లోపటికి పోయినయి. ఇప్పుడు నెత్తురుల కలిసినయి."

"మందు లేదా సాబ్?"

"ఉన్న పొడి చల్లుతున్నం. దానికి లొంగుత లేవు."

అన్నా, ఏ చేతులతో కడిగానో ఆ చేతులతో ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి కావడం లేదు. బల్కంపేట ఎల్లమ్మకు మొక్కాను. ఏడుద్దామన్నా ఇక్కడ మనవాళ్లు ఎవరూ లేరు. కట్లకు అమ్మ పాత చీరలు పంపుతానన్నదట, వద్దని చెప్పు. ఇక్కడ ఉడకబెట్టిన బట్టే కడతారు. చీరలు కాదు, అమ్మనే తోలుకొని రా. ఉత్తరం అందగానే బయలుదేరు. అమ్మకు మాత్రం వాడికి జ్వరమని చెప్పు, చాలు.

ఇవాళ కట్టు మారుస్తుంటే కళ్లు తెరవకుండానే అడిగాడు.

"నీళ్లు తేటపడ్డయా అన్నా?"

"పడ్డయి తమ్మీ."

"ఇగ ఇంటికి పోదాం" అన్నాడు.

వదినకు, పెద్దలందరికీ దండాలు. పిల్లలకు ముద్దులు. వాడి దండాలు సుత నేనే రాస్తున్నాను.

మీ తమ్ముళ్లిద్దరి తరఫున,
నర్సింహులు